పర్వతాలు సార్ గొంతు

పర్వతాలు సార్‌కు మెల్లగా మాట్లాడటం రాదు. మేడ్చల్‌లో మందు సీసాల మూతలు తయారుచేసే ఫ్యాక్టరీకి ఆయన హెచ్చార్ మేనేజరు. ఆయన గదికీ క్యాంటీన్‌కూ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం. అది ఉన్నా లేకపోయినా ఒకటే. ఆయన కరీంనగర్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడుతుంటే, మధ్యలో ఫోన్ ఎందుకు దండగ అనుకునేవాళ్లు ప్యాకింగ్ ఆడవాళ్లు.

ఒకసారి బాయిలర్ దగ్గర పనిచేసే సిద్దయ్యను పిలిచి, తలుపు వేసి, "సిద్దయ్యా, గీ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండాలె" అన్నాడు. గేటు బయట లారీ డ్రైవర్లు సరేనని తలూపారు. "క్యాంటీన్ల రోజూ రెండు గుడ్లు తింటున్నవంట గదా" అన్నది కూడా అందరికీ వినబడింది. అప్పటినుంచి ఆయన పేరు గుడ్ల సిద్దయ్య.

ఆ రోజు ప్యాకింగ్ టేబుల్ దగ్గర అందరికంటే ఎక్కువ నవ్వింది రెబెక్కా. నోటీసు బోర్డు మీద కొత్త కాగితం అంటించాక ఆ నవ్వు పోయింది.

ఈ ఏడు నుంచి కంపెనీ ఆరోగ్య బీమాలో భార్యాభర్తలనే కాక, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవాళ్లను, వాళ్ల పిల్లలను కూడా చేర్చుకోవచ్చని అందులో ఉంది. ఆ ముక్క చదివి రెబెక్కా ఊపిరి పీల్చుకుంది. కింది లైను చదివాక మళ్లీ మొదటినుంచి చదివింది. వివరాలు పర్వతాలు సార్‌కు స్వయంగా చెప్పాలట.

రెబెక్కా, ఏసీలు బాగుచేసే నగేష్, అతని కూతురు వర్ష తూంకుంటలో ఒక మేడ మీద అద్దెకు ఉంటున్నారు. వర్ష తల్లి పోయింది. పిల్ల ఇప్పుడు రెబెక్కానే అమ్మా అంటుంది. పెళ్లి చర్చిలో కాకపోతే ఒప్పుకోనని షామీర్‌పేటలో రెబెక్కా తల్లి ఏసమ్మ, చర్చిలో అయితే ఒప్పుకోనని నగేష్ తల్లి. ఇద్దరూ మెత్తబడేదాకా ఆగుదామనుకుని, కాపురం మాత్రం పెట్టేశారు. కూతురు లేడీస్ హాస్టల్లో ఉందని ఏసమ్మ నమ్మకం. వీళ్లు మొగుడూ పెళ్లాలని ఇంటి ఓనరు దుర్గాబాయి నమ్మకం. ఆ దుర్గాబాయి కొడుకు హేమచంద్ రెబెక్కా పక్క టేబుల్ దగ్గరే పనిచేస్తాడు.

"పొయ్యి చెప్పరాదు," అన్నాడు నగేష్.

"నువ్వు ఆ సార్ గొంతు వినలే. నేను ఇంటికొచ్చేటాళ్లకు మన సామాను రోడ్డు మీదుంటది."

"మీ అమ్మకు తెలుస్తదా?"

"ఆయన అరిస్తే షామీర్‌పేటకు నేరుగ వినొస్తది."

నగేష్ నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని చూసి మానుకున్నాడు. వర్షకు చెవిలో కర్ణభేరికి చిల్లు పడింది. పేట్ బషీరాబాద్ డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు, ఆలస్యమైతే ఉన్న వినికిడి కూడా తగ్గిపోతుందన్నాడు. నగేష్ సంపాదనతో అది అయ్యే పని కాదు.

రెబెక్కా సార్ గది దాకా వెళ్లి, సెలవు అడిగి తిరిగొచ్చింది. ఇంకో రోజు వెళ్లి ఫ్యాను తిరగడం లేదని చెప్పింది. ఫ్యాను బాగు చేయిస్తామని సార్ ఫ్యాక్టరీ మొత్తానికి హామీ ఇచ్చాడు. రాత్రి కళ్లు మూస్తే చాలు, అదే గొంతు "పెండ్లి గాలేదా" అని అడుగుతున్నట్టుండేది.

ఒక సాయంత్రం బడి ముందు వర్ష రోడ్డు దాటుతోంది. వెనక టిప్పర్ హారన్ కొడుతూనే ఉంది, పిల్ల తల తిప్పలేదు. నగేష్ ఉరికి రెక్క పట్టి లాగాడు. అతను ఇంటికొచ్చి ఆ మాట చెప్పాక రెబెక్కా అన్నం ముట్టలేదు.

మర్నాడు క్యాంటీన్ నిండా జనం ఉండగానే సార్ గదిలోకి వెళ్లి తలుపు వేసింది.

"సార్, గా బోర్డు మీద రాసింది... కలిసి ఉంటున్నోళ్లకు ఇన్సూరెన్స్ అని..."

పర్వతాలు సార్ ఆమె ముఖం చూశాడు. చెక్క వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఇక అయిపోయింది అనుకుని రెబెక్కా కళ్లు మూసుకుంది.

"సేఫ్టీ షూసా," అని ఉరిమాడు సార్. "సైజు తప్పొచ్చిందా నీకు?"

రెబెక్కా కళ్లు తెరిచింది. "లే సార్, నేను..."

"ఆరా, ఏడా? సరిగ చెప్పు." అంటూనే ఆయన కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు, కీబోర్డు ముందుకు నెట్టాడు. కలిసి ఉంటున్నవారి పేరు అన్న చోట వేలు పెట్టి చూపించాడు. రెబెక్కా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నగేష్ పేరు కొట్టింది.

"ఏడైతే వదులయితది. ఆరే ఖాయం జేస్తున్న." వేలు కిందికి జరిగింది. పిల్లల పేర్లు. ఆమె వర్ష పేరు కొట్టింది. ఆమె రాసినంతసేపూ ఆయన షూ తోలు గురించి, లేసుల గురించి, కాంట్రాక్టరు గురించి గోడలు అదిరేలా మాట్లాడుతూనే ఉన్నాడు. చివరి బటన్ నొక్కాక కుర్చీలో వెనక్కి వాలి చెమట తుడుచుకున్నాడు.

బయట హేమచంద్ ఎదురొచ్చాడు. "ఏందక్కా, షూస్ లొల్లి ఒడిసిందా?"

"ఒడిసింది తమ్మీ."

టేబుల్ దగ్గర కూర్చున్నాక ఆమెకు సిద్దయ్య గుర్తొచ్చాడు. ఆ రోజు సార్ నిజంగా ఏ సంగతి మీద ఆయనను పిలిచాడో గుడ్ల మాటలో పడి ఎవరికీ తెలియనే లేదు. ఇన్నేళ్లుగా ఆ గది నుంచి గుడ్లు, ఫ్యాన్లు, షూసులే తప్ప ఒక మనిషి గుట్టు బయటికి వచ్చిందా అని ఆలోచించింది. ఒక్కటీ తట్టలేదు.

వర్షకు ఆపరేషన్ అయింది. చెవికి కట్టు తీసిన వారం, ఆదివారం పూట పర్వతాలు సార్ బత్తాయిల సంచితో తూంకుంట వచ్చాడు. దుర్గాబాయి మెట్ల దగ్గరే కూర్చుని ఉంది. పెళ్లి ఫొటో ఒక్కటైనా గోడకు లేదేమని ఆమె ఈ మధ్య రెబెక్కాను రెండుసార్లు అడిగింది.

"అమ్మా, మా రెబెక్కా, ఆమె పెనిమిటి నగేష్ ఉండేది గీ ఇంట్లనేనా," అన్నాడు సార్. ఆ వీధితో పాటు వెనక వీధి కూడా విన్నది. దుర్గాబాయి లేచి దారి ఇచ్చింది.

మేడ మీద గదిలో ఆయన "ఏం బిడ్డా, ఎట్లున్నది చెవి" అనగానే వర్ష రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుంది.

"తాతా, మెల్లగ మాట్లాడు. నాకు వినొస్తది."

సార్ ముఖంలో ఎక్కడలేని సిగ్గు. ఆయన గొంతు సవరించుకుని, కష్టపడి ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి కానీ చప్పుడు రాలేదు.

"గంత మెల్లగ గాదు తాతా," అంది వర్ష.