మా చిన్నాయన గుంజీళ్లు తీసిన అసెంబ్లీ

మొన్న మా బిడ్డ బళ్లో ఒక ఆట పెట్టారట. ఫోనులో వచ్చిన వార్త నిజమో అబద్ధమో పిల్లలే తేల్చాలి. ఇంటికొచ్చి నన్నూ ఆడమంది. అన్నీ తప్పే చెప్పాను. "ఏంది డాడీ, నువ్వు బడికి వోయినవా అసలు?" అంది. పోయాను తల్లీ, అదీ మా చిన్నాయన చెప్పే బడికే.

ఆయన కథలాపూర్ దిక్కున పౌరశాస్త్రం చెప్పేవాడు. అడవిలో నక్సలైట్ అన్నలు, రోడ్డు మీద పోలీసులు, నడుమ మా పౌరశాస్త్రం. చదివితే తలకెక్కడం లేదని ఓరోజు బడి ఆవరణలో అసెంబ్లీ పెట్టించాడు. తను మంత్రి, మేమంతా ప్రతిపక్షం. పాపం, మాలో అసెంబ్లీని చూసినవాడెవడు? మేం చూసిందల్లా అన్నలు పెట్టే పంచాయితీ. అందుకే మంత్రిని జనం ముందు నిలబెట్టి, హోంవర్క్ అనే దోపిడీకి సంజాయిషీ అడిగి, గుంజీళ్లు తీయమని తీర్పు చెప్పాం. చిన్నాయన మురిసిపోయి తీశాడు. ఆయన బరువుకి కోరుట్ల దాకా భూమి అదిరింది. చివర్లో మేం పిడికిళ్లెత్తి ఇచ్చిన నినాదం ప్రహరీ దాటి, బయట ఆగిన సిరిసిల్ల బస్సెక్కింది.

మర్నాడు ఎస్సై మా ఉమ్మడి ఇంటికొచ్చాడు. "పంతులు సారూ, బళ్లె ప్రజాకోర్టు పెట్టిన్రట. ఎవలు పెట్టిన్రు? పేర్లు చెప్పున్రి." పేర్లు చెబితే పిల్లలం స్టేషనుకి, చెప్పకపోతే ఆయన.

"అది అసెంబ్లీ సార్."

"అసెంబ్లీల మంత్రి గుంజీలు తీస్తడా?"

చిన్నాయన పౌరశాస్త్రం పుస్తకం తెచ్చి తిరగేశాడు. "తియ్యడు సార్. గదే నాకు గూడ సమజైతలేదు."

అంతలో వాకిట్లో గొల్లుమని ఏడుపు. సిరిసిల్ల నుంచి చిన్నాయన అత్తగారు, ఆవిడ ఏడుపు చాలదేమోనని వెనక జీపు నిండా చుట్టాలు. "అయ్యో బిడ్డా, అల్లుణ్ని అన్నలు కోర్టు వెట్టి చంపిన్రట గదనే!" అంటూ చిన్నమ్మను వాటేసుకుంది.

"అత్తా, నేను గీడనే ఉన్న."

"నువ్వాగు అల్లుడా! బస్సుల అందరు చెప్పిన్రు."

ఎస్సై అటూ ఇటూ చూశాడు. "నీకు గీ ముచ్చట ముందుగాల ఎవలు చెప్పిన్రవ్వా?"

"కండక్టరు."

ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయనకు చెప్పిందీ ఆ కండక్టరేనట. ఇక పేర్లు అడగలేదు. చావుకొచ్చిన చుట్టాలతో కలిసి చాయ్ తాగి, బతికున్న శవానికి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఇదంతా బిడ్డకు చెప్పి, రుజువు కోసం చిన్నాయనకు ఫోను చేశాను. "గుంజీలు తీసింది నేనా? మీరు గాదురా?" అన్నాడు. అప్పట్నుంచి నాకూ అనుమానంగానే ఉంది. కాలం కూడా ఆ సిరిసిల్ల బస్సే కాబోలు. ఎక్కించిన నిజం ఏదీ దిగేటప్పుడు అదే మొహంతో దిగదు.