హాలుకు పాలరాయి, వార్డుకు బకెట్

కరోనా తగ్గాక వచ్చిన ఎండాకాలంలో నన్ను బహ్రెయిన్‌లో ఒక సర్కారు ఆసుపత్రికి వేశారు. ఎముకల వార్డు, రెండో అంతస్తు, పగటి డ్యూటీ. అప్పటికి మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను జిదాఫ్స్ క్యాంపులో ఉంటూ క్లీనర్ పని చేస్తూనే ఉన్నాను. చదువు లేదు, సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది.

ఆసుపత్రి సర్కారుది గానీ మేము సర్కారు మనుషులం కాదు. ఊడ్చే, తుడిచే పని ఒక కంపెనీకి, కప్పు, పైపులు, ఏసీలు చూసే పని ఇంకో కంపెనీకి ఇచ్చారు. క్లీనర్ పైన లీడర్, లీడర్ పైన సూపర్‌వైజర్. ఏదైనా చెడిపోయి కనబడితే మేము నర్సుకు చెప్పాలి, నర్సు కంప్యూటర్‌లో ఫిర్యాదు రాయాలి. మా పని అంతవరకే.

వార్డు వరండాలో ఏసీ పైపు కారేది. ఉక్క పెరిగిన రోజున ధార కట్టేది. నర్సు ఎన్నిసార్లు రాసినా ఒకటే జవాబు, పైపు మార్చడానికి ఈ ఏడు బడ్జెట్ లేదని. అందుకని కింద బకెట్ పెట్టడం నా డ్యూటీలో కలిసిపోయింది. దానికీ ఒక పద్ధతి ఉంది. అడుగున తడిగుడ్డ వేయాలి, లేకపోతే చుక్క పడి చింది చుట్టూ తడి అవుతుంది. నిండకముందే పారబోయాలి. నేల తుడిచేటప్పుడు వరండా సగం తడిపి సగం పొడిగా వదలాలి, కాలికి కట్టున్నవాళ్ళు పొడి వైపు నడుస్తారు. ఎముకల వార్డులో నేల తడిగా ఉందంటే వంటింట్లో గ్యాస్ విప్పి వదిలినట్టే.

ఆ వార్డులో గంగారాం అని జగిత్యాల వైపు మనిషి ఉండేవాడు. హిద్‌లో ఓడలు బాగుచేసే చోట పని, పరంజా మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. డాక్టర్ ముందు వాకర్ పట్టుకుని వరండా చివరిదాకా నడిచి చూపిస్తే డిశ్చార్జి, తేలిక పనిలో పెట్టుకుంటానని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకున్నాడు. నడవలేకపోతే ఖలాస్, ఇంటికి పంపించేస్తాడు. ఇంటి దగ్గర సంపాదించేవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకే రోజూ నడక అలవాటు చేసుకుంటూ, నా పక్కగా పోయినప్పుడల్లా ఆటపట్టించేవాడు.

"పెద్దమ్మా, మా ఊళ్ళె వాన కోసం మొగులు దిక్కు చూస్తం. దుబాయిల కప్పు దిక్కు చూడాలె." మా వైపు వాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

ఆ రోజుల్లోనే కింద కొత్త హాలు తయారైంది. పాలరాయి నేల, అద్దాల గోడ, మధ్యలో ఫౌంటెన్. దాన్ని చూడటానికి పెద్ద అధికారులు వస్తున్నారని పొద్దున్నే అన్ని వార్డుల క్లీనర్లనూ హాలుకు రమ్మన్నారు. అద్దం మీద వేలిముద్ర కూడా కనబడకూడదట. మా సూపర్‌వైజర్ ప్రసాద్ గారిది కాకినాడ వైపు. చెడ్డమనిషి కాదు, సెలవు రోజు శుక్రవారం చర్చికి పోయి వస్తే మాకందరికీ కేకు తెచ్చేవారు. ఆయనకు బకెట్ సంగతి చెప్పాను.

"వార్డులోకి ఎవరూ రారు లచ్చమ్మా. హాలు చూస్తారు, కాఫీ తాగుతారు, ఎల్లిపోతారు."

"వాళ్ళు రాకుంటే ఏంది సార్, కాళ్ళిరిగినోళ్ళు ఆడనే ఉన్నరు గదా."

డ్యూటీ ఎక్కడ వేస్తే అక్కడ చేయాలన్నారు. కాదంటే నీ బదులు ఇంకొకరు వస్తారు, నా బదులూ వస్తారు అన్నారు. బకెట్ చూస్తుండమని నర్సుకు చెప్పి కిందికి దిగాను. నర్సులు చాలక ఆమెకు రెండు వార్డులు అప్పగించారు. ఆమె ఇటువైపు తిరిగి వచ్చేసరికి బకెట్ పొంగి వరండా అంతా నీళ్ళు. గంగారాం అప్పటికే పడి ఉన్నాడు. మర్నాడు డాక్టర్‌కు చూపించాలి కదా, ఒక్కడే నడిచి చూసుకుంటున్నాడు. రాడ్ వంగింది. మళ్ళీ ఆపరేషన్ చేశారు.

కఫీల్ ఆగలేదు, టికెట్ తీశాడు. వెళ్ళే రోజున గంగారాంను వీల్‌చైర్‌లో కొత్త హాలు మీదుగానే తీసుకెళ్ళారు. నేను తలుపు దాకా పోయాను. అతను ఆ అద్దాల గోడ వైపు చూసి అడిగాడు.

"ఆ పెద్దోళ్ళు వచ్చిన్రా పెద్దమ్మా?"

వచ్చారని చెప్పాను.

"మంచిగున్నదన్నరా?"

"అన్నరు."

వీల్‌చైర్‌ను బయటికి తోసుకుపోయారు.

తర్వాత విచారణ జరిగింది, నన్ను పిలవలేదు. కొన్నాళ్ళకు వార్డుకు కొత్త సామాన్ వచ్చింది. నేల తడిగా ఉంది, జాగ్రత్త అని అరబ్బీలో, ఇంగ్లీషులో రాసిన పసుపుపచ్చ బోర్డులు, ఎక్కడ పెట్టాలో తెలియనన్ని. మరి పైపు మాటేమిటని ప్రసాద్ గారిని అడిగాను. బోర్డులు క్లీనింగ్ ఖాతా, పైపు బిల్డింగ్ ఖాతా, బిల్డింగ్ డబ్బంతా హాలుకే అయిపోయింది అని చెప్పారు. అది తప్పేనని కూడా అన్నారు, మెల్లగా.

నేను పని మానేసి వచ్చేదాకా ఆ పైపు మార్చలేదు. సర్కారు దగ్గర డబ్బు లేదన్న మాట ఆ తర్వాత నేను నమ్మలేదు. డబ్బు ఉంటుంది. చూడవచ్చినవాళ్ళు నడిచే నేలకు ముందు పోతుంది. కాలు విరిగినవాడు నడిచే నేలకు, మిగిలితే వస్తుంది. మిగలడం నేను చూడలేదు.