చెట్ల బాటకు ట్యాంకరు దారి

విశాఖ నుంచి పనిమీద వచ్చి అమీర్‌పేటలో దిగాను. నాది చక్రాల కుర్చీ. పంజాగుట్ట వైపు ఒక పార్కులో చెట్ల మధ్య బాట ఉందంటే వెళ్లాను. ‘దివ్యాంగులకు స్వాగతం’ అని బోర్డు. దాని కిందే, స్వాగతానికి గుర్తుగా కాబోలు, కుర్చీ పట్టనంత దగ్గరగా మూడు ఇనుప స్తంభాలు.

“బైకులు రాకుండ పెట్టిన్రు సార్,” అన్నాడు వాచ్‌మన్.

“నేను బైకు కాదండీ.”

పరీక్షగా చూసి ఒప్పుకున్నాడు. పక్కనున్న పెద్ద గేటు మాత్రం నీళ్ల ట్యాంకరుకేనట.

కూరగాయల సంచితో వస్తున్న పెద్దామె గదమాయించింది. “ట్యాంకరుకు తీస్తవు, మనిషికి తియ్యవా?”

గేటు తెరుచుకుంది. ఇక నామీద జాలిపడుతుందని ముఖం ముడుచుకున్నాను. ఆమె సంచి నా ఒళ్లో పెట్టింది.

“జర పట్టు తమ్మీ, మోకాళ్లు గుంజుతున్నయి. నువ్వు కూసునే ఉన్నవ్ గద!”

నన్ను సాయం అడిగిన మనిషిని చూడటం అదే మొదటిసారి. బాట చివరిదాకా సంచి దించలేదు.