మినప చేలో సావధాన్

మొన్న మనవరాలిని బడి నుంచి తీసుకురావడానికి వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. భోగాపురంలో విమానాలు దిగుతాయన్న దగ్గర నుంచి మా వైపు బడులు కూడా పెద్దవైపోయాయి. ఇది మూడంతస్తుల బడి, ముందున్న జాగా అంతా సిమెంటు పలకలు పరిచేశారు. ఆ పలకల మీద పిల్లలు బారులు తీరి డ్రిల్లు చేస్తున్నారు. డ్రిల్లు చెప్పేది మాస్టారు కాదు, గోడకు కట్టిన స్పీకరు పెట్టె. ఎవరో ఎక్కడో ఎప్పుడో అన్న మాటలు అందులోంచి వస్తుంటే పిల్లలు చేతులు ఎత్తుతున్నారు, దించుతున్నారు, కుర్ర మాస్టారు సెల్లు పట్టుకుని పక్కన ఉన్నాడు. ఇంతలో కరెంటు పోయింది. పోవడం పోవడం సరిగ్గా చేతులు పైకెత్తిన లెక్క దగ్గర పోయింది. అంతమంది పిల్లలూ చేతులు పైకి పెట్టుకుని అలాగే ఉండిపోయారు, మాస్టారు సెల్లు నొక్కుకుంటున్నాడు, నాకు తెలియకుండానే నా కడుపులోంచి ఊపిరి లేచి గొంతు దాకా వచ్చి కూర్చుంది.

ఆ పిల్లల్ని పిలిచానా లేదా అన్నది తరువాత చెబుతాను, ముందు ఆ ఊపిరి ఎక్కడిదో చెప్పాలి. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది, మధ్యలో ఎక్కడైనా దాని బడి భాష పడితే నా ఈడు వాళ్లు సర్దుకోండి.

మా ఆయన మా ఊరి ఆడపిల్లల బడిలో గంట కొట్టేవాడు. నా గొంతు పుట్టుకతోనే గరుకు, రంపం పెట్టి కోసినట్టు ఉంటుందని నవ్వేవాడు. గెడ్డకు, అంటే మా ఊరి వాగుకు, ఇవతల నిలబడి నేను అన్నానికి పిలిస్తే అవతల పొలంలో వేరేవాళ్ల ఎడ్లు కూడా తలలు తిప్పేవట. పెళ్లయిన మూడో ఏడు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. చంకలో ఏడాది పిల్లాడు. హెడ్మాస్టరు గారు మంచివారు కాబట్టి ఆ గంట నా చేతికే ఇచ్చారు. పనికి వెళ్లే మొదటి రోజు మా అత్త గుమ్మంలో కూర్చుని, నా మొహం చూడకుండా, "పని సేసుకో, తిండి తిను, ఎవులూ కాదనరు. గొంతుక మాత్రం వీదిలోకి రానీకు. మొగుడు పోయినదాని గొంతుక ఇంటే లోకం నాలుగు రకాలంటాది" అంది. ఆవిడ చెడ్డది కాదు. కొడుకు పోయాక ఆవిడకు భయం ఎక్కువైంది, అంతే. నేను కూడా ఎదురు చెప్పలేదు. అప్పటి నుంచి నాకు బదులు గంటే మాట్లాడింది. పిల్లల్ని పిలవాలంటే చేత్తో పిలిచేదాన్ని, కోప్పడాలంటే చీపురు ఎత్తేదాన్ని.

మా బడికి ఏటా కోతలయ్యాక విజయనగరం వైపు నుంచి వ్యాయామం టీచరు ట్రైనింగు అమ్మాయిలు ఎనిమిది మంది వచ్చేవారు, వాళ్లతో ఒక పెద్దమేడం. ఊళ్లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని నలభై రోజులుండేవారు. పాఠం చెప్పడం ఎలాగో వాళ్లు పుస్తకంలో చదువుకునే వచ్చేవారు కానీ అసలు నేర్చుకునేది మా పిల్లల మీదే. పొద్దున్నే ఒకమ్మాయి పాఠం చెబితే మిగతా ఏడుగురూ చూసేవారు. పిల్లల్ని వరసలో నిలబెట్టడం, ఒళ్లు వేడెక్కేలా పరిగెత్తించడం, లెక్క మీద డ్రిల్లు, ఆ తరువాత ఆట, చివర నవ్వించేది ఒకటి, మళ్లీ వరస, ఇళ్లకు పొమ్మనడం. పెద్దమేడం కుర్చీలో కూర్చుని ఎర్రసిరాతో తప్పులు రాసేది. నా పని గీతలు గీయడం. తాడు, రెండు మేకులు, సున్నం డబ్బా పట్టుకుని ఖోఖోకి ఒక రకం, కబడ్డీకి ఒక రకం గీసేసి, గట్టు మీద డబ్బా పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకే పాఠం ఎనిమిది నోళ్లలో, నలభై రోజులు, మూడేళ్ల పాటు విన్నాక రాకుండా ఎలా ఉంటుంది? ఎవరు ఎక్కడ తప్పుతారో పెద్దమేడం కంటే నాకు ముందే తెలిసిపోయేది. చెప్పేదాన్ని కాదు.

నాలుగో ఏడు వచ్చిన వాళ్లలో సముద్రం ఒడ్డు ఊరి పిల్ల ఒకతి ఉండేది. సన్నగా, నల్లగా, పరిగెడితే కాళ్లు నేలకు ఆనేవి కావు. కానీ నోరు తెరిస్తే గాలి తప్ప మాట వచ్చేది కాదు. పిల్లలు వినబడక ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, కొందరు కుడికి, కొందరు ఎడమకి తిరిగి, ఎదురూబొదురూ అయి నవ్వుకునేవారు. వరసగా మూడు పాఠాలకు ఎర్రసిరా పడింది. నలభయ్యో రోజున పై నుంచి పరీక్ష చేసే ఆయన వస్తాడు. ఆ పాఠం తప్పితే ఏడు పోయినట్టే, ఈ ఒక్క ఏడే చదివిస్తామని ఇంట్లో ముందే చెప్పి పంపారట. ఒక రోజు బడిలో సున్నం పెట్టే కొట్లోకి వెళ్తే గోనె సంచుల మీద కూర్చుని ఏడుస్తోంది.

"అప్పా, నాను ఇంటికెలిపోతాను. నా గొంతుక రాదు" అంది.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆ పిలుపుకే నా మనసు మెత్తబడింది. కొట్టు తలుపు దగ్గరగా వేసి, గుసగుసగా నాకు తెలిసింది చెప్పాను. నువ్వు మాటంతా ఒక్కసారే విసిరేస్తున్నావు పిల్లా, పొలంలో ఉన్నవాణ్ని మనం అలా పిలుస్తామా? పేరు ముందు సాగదీస్తాం, అప్పుడు వాడు నడుం ఎత్తుతాడు; ఎత్తే దాకా ఆగుతాం; ఆ తరువాత పొట్టిగా ఒక్క మాట అంటాం. ఆ ఆగడంలోనే ఉంది అంతా. నువ్వు ఆగడం లేదు, నీ మాట వాళ్ల ఒళ్లు అందుకునే లోపే అయిపోతోంది. ఇదీ నేను చెప్పింది. పెద్దమేడం కూడా అదే చెప్పేదేమో, ఇంగిలీషులో చెప్పేది.

ఆ రోజు నుంచి బడి విడిచాక గెడ్డ దగ్గరికి వెళ్లేవాళ్లం. పిల్ల ఇవతల, నేను మోకాలి లోతు నీళ్లు దాటి అవతల. "క్లా...స్" అని సాగదీయాలి, ఆగాలి, "సావధాన్" అనాలి. నాకు వినబడితే సున్నం డబ్బా ఎత్తుతాను, లేకపోతే లేదు. మొదటి రోజు డబ్బా ఎత్తనే లేదు. వారం తిరిగేసరికి సగం సార్లు ఎత్తాను. రోజూ రెండడుగులు వెనక్కి జరిగేదాన్ని, దానికి తెలియకుండా. "ఓపాలి నువ్వు పిలిసి సూపించప్పా" అని బతిమాలేది. తల అడ్డంగా ఊపేదాన్ని. ఎందుకని అడిగితే డబ్బా చంకన పెట్టుకుని ఇంటి దారి పట్టేదాన్ని.

నలభయ్యో రోజు. ఎనిమిదిన్నర బస్సుకు పరీక్షాయన వస్తాడు, దిగగానే మొదటి పాఠం ఆ పిల్లదే. పిల్లల్ని పోగుచేసి తెచ్చే పూచీ నాది. రోజూ తెల్లారి ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టి తెచ్చేదాన్ని, ఆ వేళ మైదానంలో గీతలు దిద్ది కాస్త ఆలస్యంగా వెళ్లాను. ఒక్క ఇంట్లోనూ పిల్ల లేదు. ముందు రోజు సాయంత్రం మబ్బు పట్టింది కదా, వాన పడితే పంట పోతుందని ఊరంతా మినప చేలోకి దిగిపోయింది. మినప చేను ఎండలో పీకరని నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు. మంచు తడి ఉండగానే పీకాలి, తడి ఆరితే కాయ పగిలి గింజ నేలపాలవుతుంది. కాబట్టి నడవగలిగిన పిల్లలందరూ చేలోనే. మబ్బు నేనూ చూశాను. చూసి కూడా నాకు తోచలేదు, పాఠం ధ్యాసలో ఉన్నాను. "పిల్లలు తప్పకుండా వస్తారు మేడం" అని తల ఊపింది నేనే.

గెడ్డ ఒడ్డుకు పరిగెత్తాను. అవతల చేను పొడుగునా ఆడవాళ్లూ పిల్లలూ వంగి ఉన్నారు, వీపులు తప్ప మొహాలు లేవు. చెయ్యి ఊపాను, డబ్బా ఊపాను, వంగిన వాళ్లకు ఏం కనిపిస్తుంది? ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి వీపు తట్టే వ్యవధి లేదు. రోడ్డు మలుపులో బస్సు హారను వినిపించింది. ఆ పిల్ల అక్కడ ఖాళీ మైదానం ముందు నిలబడి ఉంటుంది. మా అత్త ఆ వీపుల్లో ఎక్కడో ఉందని నాకు తెలుసు.

ఊపిరి తీసుకుని, "క్లా...స్" అన్నాను. నాలుగేళ్లు మూలన పడి ఉన్న గొంతు, తుప్పు పట్టిన రేకు చీల్చినట్టు వచ్చింది. ఆగాను. "సావధాన్!"

చేను మొత్తంలో అక్కడొకతి ఇక్కడొకతి, చేతుల్లో మినప మొక్కలు పట్టుకునే, కాళ్లు దగ్గరపెట్టి నిటారుగా లేచి నిలబడ్డారు మా బడి పిల్లలు. నలభై రోజుల అలవాటు. పెద్దవాళ్లింకా వంగే ఉన్నారు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే నాకా చేను అలాగే కనిపిస్తుంది.

తరువాత పెద్దవాళ్లు లేచారు. "ఓలమ్మో, మన గంటమ్మకి గొంతుకుందే!" అని ఒకతి నవ్వింది. ఇంకొకతి నడుం మీద చేతులు పెట్టుకుని, "గుంటల్ని అట్టుకుపోతే సేనెవులు పీకుతారు? నీ పరీచ్చబాబొచ్చి పీకుతాడేటి?" అంది. తప్పేమీ లేదు, పిల్లల చేతులు లేకపోతే పని సాగదు, ఎండ వచ్చేస్తోంది. నేను గట్టు మీద అలాగే నిలబడి మా అత్త కోసం వెతుకుతున్నాను. చేను మధ్యలో కనిపించింది. కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చాలాసేపు చూసింది. నేను తిట్టు కోసం కాచుకున్నాను.

"ఊరికే వాగకండే" అంది ఆడవాళ్లతో. "గుంటల్ని ఒగ్గీండి. ఆళ్ల వంతు నాను పీకుతాను."

పిల్లల్ని వదిలేయమంది. ఇరవై మంది వంతు ఒక ముసలిది పీకుతుందా? కానీ ఆ మాటతో ఆడవాళ్లు చేలోకి తిరిగారు. మళ్లీ వంగారు. పిల్లలు పరికిణీలు ఎగ్గట్టుకుని గెడ్డ దాటి వచ్చేశారు, హడావుడిలో ఎవరి చేతిలో మొక్కలు వాళ్లకే ఉండిపోయాయి.

మైదానంలో పరీక్షాయన కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఆ పిల్ల మా వైపు చూసింది, తడిసిన కాళ్లు, మట్టి చేతులు, చేతుల్లో మినప మొక్కలు. మొక్కలు కింద పెట్టమంటుందనుకున్నాను. పెట్టమనలేదు. సాగదీసింది, ఆగింది, అంది. పిల్లలందరి కాళ్లూ ఒక్కసారే దగ్గరపడ్డాయి. ఆ మొక్కలతోనే డ్రిల్లు చేయించింది; లెక్క మీద పైకి, పక్కకి, ముందుకి. అప్పటికి ఎండ బాగా ఎక్కింది, నాలుగో లెక్క దగ్గర నుంచి కాయలు చిట్లడం మొదలై, ఎనిమిది అనేసరికి పిల్లల జుట్టులో, పరికిణీల మీద, పరీక్షాయన బూట్ల దాకా మినుములే. ఆయన ఒక గింజ తీసి నోట్లో వేసుకుని నమిలి, ఏదో రాసుకున్నాడు. పిల్ల నెగ్గింది.

ఆ మినుములు మైదానమంతా ఊడ్చి చెరిగి చేను వాళ్లకు ఇచ్చేశాను. ఇంటికి వెళ్తే మా అత్త నడుం పట్టుకుని చాప మీద పడుకుని ఉంది. వేణ్ణీళ్లు కాచి నడుం తోముతుంటే, గోడ వైపు తిరిగి, "మా ఓడు సెప్తే ఎటకారమనుకున్నాను. నిజంగానే ఎడ్లు తిరిగి సూసాయే" అంది. కొడుకు పోయాక ఆవిడ నోట వాడి మాట రావడం అదే మొదలు.

మరుసటి ఏడు నుంచి వచ్చిన ట్రైనింగు పిల్లల్ని పెద్దమేడం ముందు నా దగ్గరికే పంపేది, గెడ్డ దగ్గర గొంతు నేర్చుకు రమ్మని. వ్యాయామం టీచరు లేని ఏళ్లల్లో పిల్లలకు పాఠం నేనే చెప్పాను, ఏ రిజిస్టరులోనూ నా పేరు లేదు, గొంతు మాత్రం ఆ మైదానంలోనే అరిగిపోయింది. ఆ సముద్రప్పిల్ల పాలకొండ వైపు బళ్లో టీచరు చేసి, మొన్నీమధ్యే రిటైరైంది. అప్పుడప్పుడు ఫోను చేసి, హలో అనదు, "అప్పా" అని సాగదీసి ఆగుతుంది.

ఊడ్చినా మిగిలిన గింజలు కొన్ని మొదటి వానకు మైదానం అంచుల్లో మొలిచాయి. ఆ మైదానమే ఇప్పుడు ఈ సిమెంటు పలకలు. పాత బడి తీసేసి దాని మీదే ఈ మూడంతస్తులు కట్టారు. గెడ్డ అవతల చేను ప్లాట్లు వేశారు. ఇప్పుడు ఎవరూ ఎవర్నీ గట్టు మీద నుంచి పిలవరు, అందరి చేతుల్లో ఫోనులున్నాయి, అదీ సుఖమే, కాదనను. గోడ మీది ఆ స్పీకరు పెట్టె మాత్రం వెనకబడ్డ పిల్ల కోసం ఆగదు.

మొన్న గేటు దగ్గర నేను పిలవలేదు. ఊపిరి వచ్చింది, మాట నాలుక చివర దాకా వచ్చింది. కానీ పిలిచాక ఒకసారి తలెత్తి నా వైపు చూసి, ఒగ్గీండి అని అనడానికి మా అత్త లేదు కదా అనిపించింది. పిల్లలు కాసేపు అలాగే ఉన్నారు. తరువాత ఒకతి దించింది, దాన్ని చూసి ఇంకొకతి, అలా ఎవరూ చెప్పకుండానే, ఎవరికి చేతులు నొప్పెడితే వాళ్లు, ఒక్కొక్కరే దించేసుకున్నారు.