దవాఖానా అరుగు మీద లచ్చయ్య

మొన్న పొద్దున ఖమ్మంలో, ఖానాపురం హవేలి దగ్గర షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్నావిడ ఒళ్లో వేపమండల కట్ట ఉంది. మనవరాలికి అమ్మవారు పోసిందట, స్నానం నీళ్లలో వేయడానికి తీసుకుపోతోంది. ఆటో గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఆకులు ఆమె మోచేతి కింద నలిగి పచ్చి చేదు వాసన లేచింది. కింది నుంచి డీజిలు పొగ. రెండూ కలిసి ముక్కుకు తగలగానే నా కుడికాలు దానంతటదే బిగుసుకుంది. ఆవిడ చూసి, "ఏమైందక్కా, జాగ లేదా?" అంటూ జరగబోయింది. "ఉన్నదమ్మా. నువ్వు జరగకు. ఆ ఆకులు గట్లనే ఉండనియ్" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. బస్టాండు వచ్చేదాకా కళ్లు మూసుకుని ఆ వాసన పీల్చుకుంటూ కూర్చున్నాను. అది నాకు లచ్చయ్య పెదనాయన వాసన.

టేకులపల్లి దాటాక అడవి వైపు తిరిగే మట్టిదారి చివర మా గూడెం ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట ఇది. కరెంటు స్తంభాలు ఉన్నాయి గానీ కరెంటు చుట్టంలా వచ్చిపోయేది. నేను అప్పటికే ఎదుగుతున్న కొడుకున్న తల్లిని. లచ్చయ్య నాకు రక్తసంబంధం కాదు, పక్కింటి మనిషి. పొట్టివాడు, మోకాళ్ల మీదికి పంచె, చెవి మీద సగం కాల్చిన చుట్ట. కోపం ముక్కు మీదే ఉండేది. ఆయన అరుగు మీద ఎవరైనా కూర్చుంటే, "లేస్తవా, లేపాల్నా?" అనేవాడు. పాము కరిచిందంటే మాత్రం చుట్టుపక్కల గూడేలన్నీ ఆ అరుగు దగ్గరికే వచ్చేవి. కరిచినవాళ్ల నోట్లో వేపాకులు పెట్టి నమలమనేవాడు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని, తెలియకపోతే ఎక్కిందని ఆయన లెక్క. ఆ తర్వాత వేపమండతో తల నుంచి పాదాల దాకా దిగదుడుస్తూ మంత్రం వేసేవాడు. అది కోయ మాటల్లో ఉండేది. మా ఇంట్లో ఆ భాష అమ్మమ్మతోనే పోయింది కాబట్టి నాకు అర్థమయ్యేది కాదు. బతికినవాళ్లు కోడిని తెచ్చి ఇచ్చేవారు. బతకనివాళ్ల ఇంటికి ఆయనే వెళ్లి, గడప బయట తల వంచుకుని కూర్చునేవాడు.

ఒకసారి పత్తి చేలో కలుపు తీస్తూ ధైర్యం చేసి అడిగాను. "పెదనాయినా, నీ మంత్రానికి కొందరు బతుకుతరు, కొందరు పోతరు. గట్లెందుకు?"

ఆయన గడ్డి పీకుతూనే అన్నాడు. "కరిచిన పాములన్నీ విషం పెట్టయి బుచ్చీ. ఊర్కనే బెదిరించి పోయేటివి గూడ ఉంటయి. గవి కరిచినోళ్లే నా పేరు చెప్పుకొని తిరుగుతున్నరు."

"మరి విషం పెట్టినోళ్లు?"

"వాళ్ల పేర్లు నేను చెప్పుకుంట."

అంత పేరున్న మనిషి తన పేరు గురించి అలా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. ఆ మాట ఎంత బరువైనదో సమ్మయ్య పోయినప్పుడు అర్థమైంది. సమ్మయ్య మా ఇంటి వెనకాల ఉండే కుర్రకూలీ. తునికాకు కోస్తుంటే నాగుపాము కరిచింది. అరుగు మీదికి తెచ్చేసరికి వేపాకు చప్పగా ఉందన్నాడు, కనురెప్పలు వాలిపోతున్నాయి. లచ్చయ్య మంత్రం మొదలుపెట్టలేదు. "సైదులును పిలువుండ్రి, ఆటో తెమ్మనుండ్రి" అని అరిచాడు. సైదులుది మా గూడెం వైపు తిరిగే ఒకే ఒక్క ఆటో. సమ్మయ్య తల్లి అడ్డం పడింది. మంత్రం వేయకుండా కొడుకును కదలనివ్వనంది. "మంత్రం అరుగు మీదనే వెయ్యాలని ఎవడన్నా చెప్పిండా? ఎక్కు, ఆటోల వేస్త" అని లచ్చయ్య తానే ముందు ఎక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా వేపమండ ఊపుతూ మంత్రం చదివాడు. సమ్మయ్య తల నా ఒళ్లో ఉంది.

రోడ్డు మీది చిన్న దవాఖానాలో రూతమ్మ సిస్టరు ఎదురొచ్చింది. చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. "మందు లేదు పెదనాయినా. ఖమ్మం తీస్కపోవాలె. జల్దీ పోండి" అంది. ఇల్లెందు దాటాక సమ్మయ్య ఊపిరి ఆగింది.

దినాలు కాగానే లచ్చయ్య నన్ను వెంటబెట్టుకుని దవాఖానాకు వెళ్లాడు. కొట్లాడటానికే వెళ్లాడు. రూతమ్మ ఆయన్ని అరవనిచ్చింది. అరుపు అయ్యాక నెమ్మదిగా చెప్పింది. "మందు ఒకప్పుడు వచ్చింది పెదనాయినా. పాము కరిచిందని ఒక్కరు రాలే. తారీఖు దాటింది, పారేసినం. ఇప్పుడు మళ్ల అడిగితే పైవాళ్లు, మీ దిక్కు పాముకాట్లు ఎక్కడున్నయ్, ఒక్క కేసు లేదు గదా అంటున్నరు."

"ఒక్కటి లేదా? మా దిక్కా?"

"ఎట్లుంటది? అందరు నీ కాడికే వస్తిరి."

ఆమె నిందించినట్టు అనలేదు, ఉన్న మాట చెప్పింది. లచ్చయ్య చెవి మీది చుట్ట తీసి, వెలిగించకుండానే మళ్లీ పెట్టుకున్నాడు. ఇద్దరం అడవిదారిన ఇంటికి నడిచి వచ్చాం. మందు లేక జనం దవాఖానాకు రావడం లేదు, జనం రాక దవాఖానాకు మందు రావడం లేదు. ఆ రెంటి మధ్య తన అరుగు ఉందని ఆయనకు ఆ దారిలోనే తెలిసిందనుకుంటాను.

తర్వాతి సంత రోజున ఆయన చాప, నీళ్ల చెంబు, ఒక మోపు వేపమండలు తీసుకుని దవాఖానా అరుగు మీద వచ్చి కూర్చున్నాడు. సైదులుతో గూడేలన్నిటికీ కబురు పంపాడు. "ఇగ నుంచి నా మంత్రం ఈడనే. ఇంటికాడికి వస్తే వెయ్య." లోపలి నుంచి డాక్టరు గారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, కొత్తగా వచ్చారు.

"ఏంటయ్యా ఇది? ఆస్పత్రిలో మంత్రాలేంటి?"

"మీ కాడ మందు లేదు సారూ. నా కాడ జనం ఉన్నరు. నేను జనాన్ని తెస్త, మీరు మందు తెండ్రి."

"పైవాళ్లకు తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

"గడప దాట సారూ. దాటితే కాళ్లు ఇరగ్గొట్టుండ్రి."

"నీ కాళ్లు ఇరిగితే కట్టు కట్టాల్సింది నేనే గదా, నాకెందుకు ఆ పని?" అని రూతమ్మ లోపలి నుంచి అంది. డాక్టరు గారికి నవ్వొచ్చింది. చివరికి ఒప్పందం కుదిరింది. నోటి పని లచ్చయ్యది, ఒంటి పని డాక్టరుది, ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టాలి. ఇంకో షరతు లచ్చయ్య పెట్టాడు. ఆ అరుగు మీద తాను తప్ప ఎవరూ కూర్చోకూడదు.

గూడెంలో మాటలు పడ్డాడు. "మంత్రం సత్తా తగ్గిందా పెదనాయినా, సర్కారు నౌకరీల చేరినవ్?" అని మగవాళ్లు కల్లు దగ్గర ఎగతాళి చేశారు. "తగ్గలేదురా. నాకు జోడు దొరికింది" అనేవాడు. ఆ వానాకాలం ఎక్కడెక్కడి గూడేల నుంచో ఎడ్లబండ్ల మీద, సైకిళ్ల మీద, మంచాల మీద మోసుకుని జనం వచ్చారు. విషం లేనివాళ్లను డాక్టరు గారు ఒక రోజు ఉంచుకుని పంపేవారు. ఉన్నవాళ్లను వెంటనే ఖమ్మం పంపేవారు. అరుగు దగ్గర ఆలస్యం లేదు కాబట్టి వాళ్లలో కొందరైనా బతికి వచ్చారు. వచ్చిన ప్రతి మనిషినీ రూతమ్మ రాసుకుంది. మా దిక్కు పాములు ఉన్నాయని సర్కారుకు మొదటిసారి తెలిసింది.

ఒక మధ్యాహ్నం డాక్టరు గారు టీ గ్లాసు పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చి చెప్పిన సంగతి నాకు గుర్తుంది. ఈ మందు చేసే కంపెనీలు తక్కువట. లాభం లేదట. పాము కరిచేది ఎక్కువగా చేను కూలీలను, అడవిలో తిరిగేవాళ్లను. వాళ్లు కొనలేరు. ఇలాంటి రోగాలు ప్రపంచంలో ఇంకా చాలా ఉన్నాయట, బీదవాళ్లకు మాత్రమే వచ్చేవి, ఎవరూ పట్టించుకోనివి.

లచ్చయ్య అంతా విని అన్నాడు. "గట్లయితే పని పాములకే చెప్పాలె సారూ. ఓ పది పాములను పట్టి పట్నం తోల్దం. పెద్ద పెద్ద బంగళాలల్ల తిరిగి రమ్మందం. తెల్లారేసరికి గల్లీకో దుకాణంల దొరుకుతది మందు."

డాక్టరు గారు టీ ఒలికేలా నవ్వారు. ఆయన ఖమ్మం మీటింగుకు వెళ్లిన ప్రతిసారీ మా మందు గురించి అడిగేవారని రూతమ్మ చెప్పేది. చలికాలం పోయేలోపు మందు పెట్టె వచ్చింది. లచ్చయ్యను పిలిచి, గడప బయట నిలబెట్టి, ఒక సీసా చేతికిచ్చారు. బొటనవేలంత సీసా, అడుగున తెల్లటి పొడి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింతనా? గింత దానికి పోయిండా సమ్మయ్య?" అన్నాడు.

తర్వాతి తొలకరికి పాము నన్ను కరిచింది. పత్తి చేలో, కుడికాలి మడమ పైన. చేలో నా పక్కనే ఉన్న లచ్చయ్య నోట్లో పెట్టిన వేపాకు కాగితంలా చప్పగా ఉంది. సైదులు ఆటోలో ఆయన ఒడిలో పడుకున్నాను. రెప్పలు నిలబడటం లేదు. నాలుక మొద్దుబారింది. నలిగిన వేపాకు, డీజిలు పొగ. ఆయన గొంతు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. కొంతదూరం పోయాక అది మంత్రం కాదని తెలిసింది. "వాగు దాటినం బుచ్చీ. మర్రిమలుపు వచ్చింది. కాలు కదపకు. అగో, తారు రోడ్డు. సైదులూ, గుంతలు చూస్కో, నీ అబ్బ సొమ్మా అది. బుచ్చీ, ఇంటున్నవా? మందు ఉన్నది బిడ్డా. ఈపాలి మందు ఉన్నది."

ఆ చివరి మాటే పదేపదే అంటున్నాడు. నేను దాన్ని పట్టుకుని ఊపిరి తీశాను.

దవాఖానాలో సెలైను సీసాలో మందు కలిపి ఎక్కించారు. ఒంటి మీద దద్దుర్లు లేచాయి, వాంతులయ్యాయి, డాక్టరు గారు, రూతమ్మ పక్కనుంచి కదలలేదు. కళ్లు పూర్తిగా తెరవగలిగినప్పుడు లచ్చయ్య గడప అవతలే నిలబడి ఉన్నాడు. ఇచ్చిన మాట ప్రకారం లోపలికి రాలేదు. రూతమ్మ చేతికి ఒక వేపాకు ఇచ్చి నా నోట్లో పెట్టమన్నాడు.

"చేదున్నదా?"

"ఉన్నది పెదనాయినా. మస్తు చేదు."

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకుని చుట్ట కోసం చెవి తడుముకున్నాడు. చుట్ట ఆటోలో ఎక్కడో పడిపోయింది. గూడెంలో అందరూ మంత్రమా, సూదా అని అడిగితే, "సూదే. నేను దారి పొడుగుతా ఒర్లిన గంతే" అని నలుగురిలో చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు.

నేను కోలుకున్నాక నాకో పని అప్పజెప్పాడు. "మందు తారీఖు దాటి పాడైతదంట. నాకు సదువు రాదు. ఉన్నది, మంచిదే అంటే నమ్మాలె. నువ్వు సదువు నేర్సుకొని చూసి చెప్పు." అప్పటికి నా కొడుకుకు మీసాలు వస్తున్నాయి. గూడెంలో సాయంత్రం పూట పెద్దలకు బడి పెడితే, పలక పట్టుకుని వెళ్లి కూర్చున్నాను. వేళ్లు పలుగూపారలకు అలవాటుపడినవి, బలపం విరిగేది. అయినా నేర్చుకున్నాను. బస్సు బోర్డు చదివాను, రేషన్ షాపు మీది రాత చదివాను. వానలు రాబోయే ముందు ఒక రోజు ఇద్దరం దవాఖానాకు వెళ్లాం. రూతమ్మ సీసా తెచ్చి ఇచ్చింది. నేను దాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాను. తిప్పి చూశాను. నేను నేర్చుకున్న అక్షరాల్లో ఒక్కటి కూడా దాని మీద లేదు. అంతా ఇంగ్లీషు.

నాకు ఏడుపొచ్చింది. లచ్చయ్య సీసా లాక్కుని చూసి, "మా కోసం వచ్చిన మందు మీద మా మాట ఒక్కటి లేదా సిస్టరమ్మా?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏడుస్తవేందే? ఒక బడి అయింది, ఇంకో బడికి పో." రూతమ్మ నవ్వుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తారీఖు ఎక్కడ రాసి ఉంటుందో, దాని ముందర ఉండే ఈ, ఎక్స్, పీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఎలా ఉంటాయో, నెల ఏదో, సంవత్సరం ఏదో నేర్పింది. ఆ రోజు నేను చదివి, "వచ్చే యేడు వానాకాలం దాక మంచిదే పెదనాయినా" అన్నాను. ఆయన అరుగు మీద కొంచెం జరిగి, తన చాప మీద నాకు జాగ ఇచ్చాడు. ఆ అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నది నేనొక్కదాన్నే.

లచ్చయ్య పోయి చాలా ఏళ్లయింది. పాము వల్ల కాదు, ముసలితనం వల్ల, నిద్రలో పోయాడు. రూతమ్మ రిటైరైంది. నేను కొడుకు ఉద్యోగం వల్ల ఖమ్మం వచ్చేశాను. అయినా ఏటా తొలకరికి ముందు ఒక రోజు బస్సెక్కి అక్కడికి వెళ్తాను. మొన్న ఆటోలో బయలుదేరింది అందుకే. దవాఖానాలో ఇప్పుడు కొత్త సిస్టరు ఉంది, చిన్న పిల్ల. పాము మందు చూపించమంటే, "మీరెవరమ్మా? మీకెందుకు?" అంది.

"ఈడ అరుగు మీద లచ్చయ్య అని ఒకాయన కూసునేది బిడ్డా. ఆయన పంపిండు" అన్నాను.

ఏమనుకుందో ఏమో, లోపలికి వెళ్లి తెచ్చి ఇచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ వెలుతురుకు పట్టుకుని, ఆ మూడు అక్షరాలు వెతికి, నెల చదివాను, సంవత్సరం చదివాను. సీసా తిరిగి ఇచ్చి బయటికి వచ్చాను. అరుగుకు ఇప్పుడు టైల్స్ వేశారు. ఆయన కూర్చునే మూల ఖాళీగా ఉంది. దాని పక్కన, నా జాగలో కూర్చుని, వినపడేలాగే చెప్పాను.

"ఉన్నది పెదనాయినా. ఈ యేడు గూడ మందు ఉన్నది."