చెరువు గట్టెక్కిన ఆట

2023 డిసెంబరు. ధనుర్మాసం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ఏలూరులో నా లైవ్ యూనిట్ గది మూలన దుప్పటి కప్పుకుని పడుకుంది. లైవ్ యూనిట్ అంటే పెద్ద సరంజామా ఏమీ కాదు. మూడు కెమెరాలు, వాటిలో ఏది ఎప్పుడు చూపించాలో మార్చే మిక్సర్, ఆ బొమ్మనూ మాటనూ ఇంటర్నెట్టులోకి పంపే ఎన్‌కోడర్ అనే చిన్న పెట్టె, వీటన్నిటికీ కాపలాగా నేను.

మా నాన్నగారు పెళ్ళిళ్ళు చేయించేవారు. నేను చూపిస్తాను. ఆయన చేయించిన పెళ్ళికి అగ్ని సాక్షి, నేను చూపించే పెళ్ళికి నెట్‌వర్క్ సాక్షి. హోమం మధ్యలో ఆరిపోయిన పెళ్ళి ఆయన ఎరగరు. సిగ్నల్ ఆరిపోయిన పెళ్ళిళ్ళు నేను చాలా ఎరుగుదును. అందుకే ఆయన మండపంలో స్థిమితంగా కూర్చునేవారు. నేను ఏ పెళ్ళిలోనూ ఒక్కచోట కూర్చోలేను. నా వైర్లు నేనే తొక్కుకుంటూ తిరుగుతుంటాను.

ఆ ఖాళీ రోజుల్లో తాడేపల్లిగూడెం నుంచి ఫోను వచ్చింది. ఎవరో అమ్మాయి.

"మూర్తిగారాండీ? లైవ్ ఒకటి చేయాలండీ. పెళ్ళి కాదు, గేమ్ చూపించాలి."

"కబడ్డీయా అమ్మా?"

"కాదండీ. ఫోన్లో ఆడేది. మేమే తయారు చేశాం."

ఆ అమ్మాయి పేరు శిరీష. మార్కెట్ యార్డుకి దగ్గర్లో ఒక ఎరువుల కొట్టు పైన వాటా అద్దెకి తీసుకుని, ఇంజనీరింగు కలిసి చదివిన ఐదుగురు ఆఫీసు పెట్టారు. మర్నాడు వెళ్ళాను. మెట్ల దగ్గర యూరియా వాసన, పైన కాఫీ వాసన. ఆట పేరు "చెరువు కాపలా". కొల్లేటి చెరువు మీద చేపల కోసం గూడబాతులు, నీటికాకులు దిగుతుంటాయి. ఆడేవాడు కాపలావాడు. వేలితో డబ్బా మోగించాలి, గుడ్డపేలికలు కట్టిన తాడు లాగాలి, పిట్టల్ని తోలాలి. పిట్టకి దెబ్బ తగలకూడదు. రాయి విసిరితే ఫారెస్టు వాళ్ళొస్తారు, ఆట అక్కడితో సరి. నాకిచ్చి ఆడమన్నారు. నిమిషంలో నా చెరువు ఖాళీ.

"పర్లేదండీ, అందరికీ మొదట్లో అంతే" అంది శిరీష. నన్ను ఓదార్చడానికే అన్నట్టుంది.

విషయం ఏమిటంటే, ఆ శనివారం హైదరాబాదులో గేమ్ కంపెనీల ట్రేడ్ షో ఉంది. ట్రేడ్ షో అంటే ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళంతా చేరే తిరనాళ్ళ లాంటిది. స్టేజీ ఎక్కి విలేకరుల ముందు కొత్త ఆట చూపిస్తారు, దాన్ని ప్రెస్ కాన్ఫరెన్స్ అంటారు. వీళ్ళకీ అక్కడ పది నిమిషాల వంతు దొరికింది. శిరీష దాన్ని వదిలేసుకుంది.

"పోయినేడాది వెళ్ళామండీ. మాకంటే ముందు ఒక పెద్ద కంపెనీ. వాళ్ళు దిగగానే జనం భోజనాలకి లేచిపోయారు. నేను ఖాళీ కుర్చీలకి చెప్పి దిగాను. పెద్ద కంపెనీలే ఇప్పుడు స్టేజీలు మానేసి ఆన్‌లైన్లో సొంతంగా చూపించుకుంటున్నాయి. మనమెందుకు ఆ వెలుతుర్లో దోమల్లా తిరగడం?"

ఆమె భాగస్వామి వంశీ ఆటకి ప్రోగ్రాము రాసినవాడు. కిటికీ దగ్గర నిలబడి ఇటు తిరగకుండానే అన్నాడు. "వాళ్ళు మానేస్తే వార్త అవుతుంది. మనం మానేస్తే మనం రాలేదని కూడా ఎవరికీ తెలీదు."

బెంగళూరులో ఒక పబ్లిషర్ ఉన్నాడు. పబ్లిషర్ అంటే పెట్టుబడి పెట్టి ఆటని నాలుగు దేశాల్లో అమ్మిపెట్టే కంపెనీ. శనివారం వీళ్ళ లైవ్ చూస్తామని మాటిచ్చారు. వాళ్ళకి నచ్చకపోతే ఈ ఆఫీసు మూతే. వంశీకి హైదరాబాదులో ఉద్యోగం సిద్ధంగా ఉంది, చేరతాడో లేదో సోమవారం కల్లా చెప్పాలి. అతను వెళితే ఆట ముందుకు నడవదని మిగతా నలుగురికీ తెలుసు, అతనికీ తెలుసు. అంతా కీబోర్డులు గట్టిగా నొక్కుతున్నారు.

"ఆఫీసులోనే పెట్టుకుందామమ్మా. ఇక్కడ లైను గట్టిది" అన్నాను.

"వద్దండీ. చెరువు ఆటని చెరువు మీదే చూపించాలి. వంశీ వాళ్ళ మావయ్యగారి చెరువుంది, గుండుగొలను నుంచి లోపలికి వెళ్ళాలి."

"అక్కడ నీళ్ళున్నాయి సరే. సిగ్నల్ ఉందా?"

"ఉంటుందండీ" అంది. ఈ మాట నేను పెళ్ళికూతుళ్ళ తండ్రుల దగ్గర చాలాసార్లు విన్నాను. "ఉంది"కీ "ఉంటుంది"కీ మధ్య నేను పోగొట్టుకున్న జుట్టు తిరిగి రాలేదు.

శనివారం ఉదయమే గట్టు మీదకి చేరాం. కాపలాపాక పక్కన కెమెరాలు నిలబెట్టి, రెండు కంపెనీల సిమ్ములు కలిపి ఒకే దారిగా వాడే పెట్టె బిగించాను. ఒకటి నీరసిస్తే రెండోది మోస్తుంది. కరెంటుకి నా జనరేటరుంది. అయినా నా కాలు నిలవలేదు. పాక నుంచి కారుకి, కారు నుంచి పాకకి తిరుగుతున్నాను. శిరీష కాగితం చూడకుండా ఇంగ్లీషు మాటలు అప్పజెప్పుకుంటూ నాకు ఎదురొస్తోంది. ఇరుకు గట్టు మీద ఇద్దరం ఒకరికొకరం దారి ఇచ్చుకోవడంతోనే సరిపోయింది. వంశీ మాత్రం ఫోను పట్టుకుని కూర్చున్నాడు. హైదరాబాదు స్టేజీ కార్యక్రమం చూస్తున్నాడు. వీళ్ళ వంతు ఇంకెవరికో ఇచ్చారు. ఫోన్లోంచి చప్పట్లు వినిపించాయి.

"మనకి రావాల్సినవి అవి" అన్నాడు.

"తరవాత బాధపడు, ముందు ఆ ఫోను కట్టేయ్. సిగ్నల్ తినేస్తోంది" అంది శిరీష.

ఆ చెరువుకి నిజం కాపలాదారు కొండయ్య. అరవై దాటినాయన, కండువా తలకి చుట్టుకుని పాకలోంచి మమ్మల్ని చూస్తున్నాడు. మొదటిసారి ఆడేవాళ్ళ చేత లైవ్‌లో ఆడించాలని శిరీష ఆలోచన. ఆయన్నే ఒప్పించింది.

"ఆయ్, నాకు ఫోను మాట్టాడ్డవే సరిగా రాదండీ అమ్మాయిగారూ" అన్నాడు.

"ఇందులో మాట్లాడక్కర్లేదండీ. వేలితో నొక్కడమే."

"మరి పిట్టలెలా లెగుత్తాయండీ?"

కార్యక్రమం మొదలైంది. శిరీష చెరువుని వెనక పెట్టుకుని చక్కగా మాట్లాడింది. ముందే తయారు చేసిన చిన్న వీడియో వెళ్ళింది. చూసేవాళ్ళు రాసే మాటలు నా పక్క తెరమీద కదులుతున్నాయి. బెంగళూరు వాళ్ళూ లైవ్‌లోకి వచ్చారని వంశీ తెరమీద వేలితో చూపించాడు. తర్వాత కొండయ్యకి కాలర్ మైకు తగిలించి ఫోను చేతికిచ్చాం. ఆయన వేలు ఇంకా డబ్బా మీద పెట్టాడో లేదో, పక్క రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోత ఆగిపోయింది.

ఊళ్ళో కరెంటు పోయింది. మాకు జనరేటరుంది గానీ, సెల్ టవరుకి? అది బ్యాటరీల మీద నడవాలి. ఆ బ్యాటరీలు ఎప్పటివో! ఎన్‌కోడర్ మీద పచ్చలైటు పసుపుకి, పసుపు ఎరుపుకి తిరిగింది. బొమ్మ గడ్డకట్టింది. తెరమీద కొండయ్య నోరు సగం తెరుచుకుని ఆగిపోయాడు.

వంశీ లేచాడు. "ఆపేయండి మూర్తిగారూ. ఇలా చూపించేకంటే ఆపేయడం నయం."

పెళ్ళిళ్ళలో మాకొక పద్ధతుంది. లైను నీరసిస్తే బొమ్మ వదిలేస్తాం, మాట వదలం. దూరాన ఉన్న బంధువు కాసేపు చూడకుండా ఉండగలడు గానీ, మంత్రమూ మేళమూ ఆగిపోతే పెళ్ళే ఆగిపోయిందని కంగారుపడతాడు. బిట్ రేట్, అంటే సెకనుకి ఎంత సరుకు పంపుతున్నామన్న లెక్క, బొమ్మకి చాలా కావాలి, మాటకి చిటికెడు చాలు. చేతులు వాటంతటవే వెళ్ళాయి. బొమ్మ తీసేసి, "కాసేపట్లో" అని రాసిన కదలని కార్డు పెట్టి, సరుకు బాగా తగ్గించి, మైకులు తెరిచే ఉంచాను. ఎరుపు మళ్ళీ పసుపైంది.

"మాట వెళ్తోందమ్మా, మాట్లాడండి" అన్నాను.

శిరీష ఆ కార్డు కేసి వేలు చూపించింది. "చూపించే ఆటండీ ఇది! ఏం మాట్లాడను?"

ఇవేమీ కొండయ్యకి తెలియవు. ఆయనకి ఫోన్లో చేపలు పోతున్నాయి. డబ్బా నొక్కడం మరిచిపోయి, అలవాటుగా గొంతెత్తాడు.

"హోయ్! హోయ్ హోయ్ హోయ్! లెగవే! నిన్నే! ఓలమ్మో, ఇంకోటి దిగిందండీ. హోయ్!"

"కొండయ్యగారూ, వేలితో నొక్కండి" అంది శిరీష.

"నొక్కితే ఏం లెగుత్తుందండీ? హోయ్! అరె, నన్నే చూత్తంది. సిగ్గు లేదేంటే నీకు? బాబూ, ఇది చెవిటిదాండీ?"

వంశీ నవ్వాపుకోలేక ముక్కు మూసుకున్నాడు, అది ఇంకా పెద్ద చప్పుడైంది. శిరీషకి అప్పుడు దారి దొరికినట్టుంది. బట్టీ పట్టిన మాటలు వదిలేసి, క్రికెట్ కామెంటరీలా ఇంగ్లీషులో చెప్పడం మొదలెట్టింది. ఎడమ పక్కన గూడబాతు దిగింది, పెద్దది, మా కాపలాదారుగారు దాని పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుతున్నారు, అది లక్ష్యపెట్టలేదు, ఇంకో చేప పోయింది. కొండయ్య కేకలకి నిజం చెరువులో ఉన్న కొంగలు మాత్రం భయపడి టపటపా లేచిపోయాయి. ఆ రెక్కల చప్పుడూ మైకులో పడింది.

ఇక్కడొక చిక్కుంది. లైవ్‌లో డిలే ఉంటుంది, మేం మాట్లాడింది వాళ్ళకి అర నిమిషం ఆలస్యంగా చేరుతుంది. అందుకని మంచో చెడో మాకు వెంటనే తెలియదు. నేను పక్కతెర కేసి చూస్తున్నాను. మొదట "ఏమీ కనిపించడం లేదు" అని ఇద్దరు ముగ్గురు. తర్వాత ఏమీ లేదు. అందరూ వెళ్ళిపోయారనుకున్నాను. మళ్ళీ గట్టు మీద తిరుగుదామంటే మైకు వైరు కాలికి చుట్టుకుంది. అప్పుడొచ్చాయి వరసగా. ఎవరాయన? గెలుస్తున్నాడా? ఎన్ని చేపలు మిగిలాయి?

కరెంటొచ్చి బొమ్మ పెట్టేసరికి కొండయ్య చెరువులో ఒక్క చేప లేదు. ఆయన ఫోను శిరీష చేతిలో పెట్టేశాడు. "మీ చెరువుకి వేరే మనిషిని చూసుకోండమ్మా" అని కెమెరా ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. అదే ముగింపు.

సామాను సర్దేశాం. బెంగళూరు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. భీమడోలు దాకా శిరీష నా కారులో వచ్చింది. ఫోను తెరిచి చూడడం, మూయడం, మళ్ళీ తెరవడం. "స్టేజీ మీదైతే కనీసం మొహాలు కనిపించేవండీ. వంశీ చెప్పిందే నిజమేమో" అంది. నేను ఏసీ పెంచాను.

ఆదివారమంతా నేనూ ఫోను చుట్టూ తిరిగాను. మా ఆవిడ "ఎవరి పెళ్ళండీ అంత టెన్షను?" అని అడిగింది. సోమవారం మధ్యాహ్నం ఫోను మోగింది. శిరీష కాదు, వంశీ.

"బెంగళూరు వాళ్ళు మాట్లాడారండీ."

"ఏమన్నారు?"

"ఔననలేదు, కాదనలేదు. ఆయన అంత అరుస్తుంటే మీ పిట్టలు కదలకపోవడం మాకు బాధనిపించింది, అరిస్తే ఎగిరేలా చేసి చూపిస్తారా, అప్పుడు మాట్లాడుకుందాం అన్నారు. ఫోన్లో మైకు ఎలాగూ ఉంటుంది కదండీ. మూడేళ్ళుగా మాకెవరికీ తట్టలేదు."

"మరి నీ ఉద్యోగం?"

"ఇందాకే రానని రాసేశానండీ. ఈ అరిచే భాగం నేనే రాయాలి, ఇంకెవరికిచ్చినా నాకు నిద్ర పట్టదు. ఒక్క సాయం చేస్తారా? మా అమ్మకి మీరు ఫోన్ చేసి చెప్పండి. మీరు పంతులుగారబ్బాయని తెలిస్తే ఆవిడకి గురి కుదురుతుంది."

చెప్పాను. ఆవిడ నాకు పెట్టిన చివాట్లు కొండయ్య కేకలకి ఏమాత్రం తీసిపోవు. ఆ ఐదుగురూ మాత్రం చెదిరిపోలేదు. వేసవిలో ఒప్పందం కుదిరింది. ఆటలో కాపలావాడి గొంతుకి కొండయ్యనే పిలిచారు, ఈసారి తన కేకకి పిట్టలు లేస్తున్నాయని చూశాకే ఆయన ఒప్పుకున్నాడు.

ఒప్పందానికి ముందు ఒకసారి వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. ఐదుగురూ ఐదు ఫోన్లు పట్టుకుని హోయ్ హోయ్ అంటున్నారు. కింద ఎరువుల కొట్టాయన చిర్రుబుర్రులాడుతూ మెట్లెక్కి వచ్చాడు. "ఏవండీ, కొట్టుకుంటున్నారా ఏంటి? నా కస్టమర్లు పారిపోతున్నారు!" అని గట్టిగా అడిగాడు. వంశీ చేతిలోని ఫోన్లో గూడబాతులన్నీ ఒక్కసారిగా లేచి ఎగిరిపోయాయి. ఆయన తెర కేసి చూశాడు, మా కేసి చూశాడు. గొంతు సవరించుకుని, "ఏదీ, ఇంకోసారి" అన్నాడు.

ఇప్పుడు కంపెనీలవాళ్ళు కూడా నాకు లైవ్‌లు ఇస్తున్నారు. అంతా ముందే రికార్డు చేసి, లైవ్ అని వేసేద్దామంటారు. చాలావరకు అలాగే చేస్తాను, నాకూ స్థిమితంగా కూర్చోవాలనే ఉంటుంది. కానీ ఒక్క పది నిమిషాలు మాత్రం రిహార్సల్ లేకుండా వదలమని పట్టుబడతాను. ఆ వస్తువుని ఎప్పుడూ చూడని మనిషినొకర్ని తెచ్చి మైకు తగిలించమంటాను. చప్పట్లు కొట్టడానికి అక్కడ జనం ఉండరు కాబట్టి, కనీసం ఆ వస్తువుతో పోట్లాడడానికైనా ఒక మనిషి ఉండాలి. ఆ పది నిమిషాలూ నేను వైర్లు తొక్కుకుంటూ తిరుగుతూనే ఉంటాను.