మాటలు లేని కాసెట్టు

మద్రాసులో చదువుతున్న అన్నయ్య ఆ వేసవిలో నరసరావుపేట వచ్చినప్పుడు నాకొక కాసెట్టు తెచ్చాడు. అట్ట మీద మంచు పట్టిన చెరువు బొమ్మ. అందులో పాట లేదు, గొంతు లేదు. ఏదో విద్యుత్ వాద్యం తీసిన ఒకే స్వరం చాలాసేపు అలా నిలిచి ఉండేది. దాని కింద ఎవరో ఒక తీగను మీటి వదిలేసేవారు. కొంతసేపటికి వేణువులోంచి రాగం కాకుండా ఊపిరి మాత్రమే వినిపించేది. వాయించేవాడు కుర్చీలో కదిలినప్పటి కిర్రు కూడా అందులో పడింది. నాకు ఆ కిర్రే ఎక్కువ ఇష్టం.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, వెనక గదిలో నాపరాళ్ల మీద చాప లేకుండా పడుకుని, టేప్‌రికార్డరుకు చెవి ఆనించి వినేదాన్ని. నాతో మాట్లాడే ప్రతివాళ్లూ జవాబు ఆశించేవారు. ఈ సంగీతం నన్నేమీ అడగలేదు. చదివే పుస్తకాలైనా లైబ్రరీవి. ఆ ఇంట్లో నాదని చెప్పుకోదగ్గది ఇదొక్కటే.

చిన్నతనంలోనే భర్త పోయి మాతో ఉంటున్న మేనత్తకు అది నచ్చలేదు.

"ఏందే ఆ మూలుగు? మోటరు కాలిపోతన్నట్టుంది."

"సంగీతం అత్తయ్యా."

"పాట లేని సంగీతమేందే? నోరు లేనిదానికి నోరు లేని పాట. బానే కుదిరింది."

అమ్మ కూడా నవ్వింది.

ఆ నెలలోనే ఎదురింటి తాతయ్య పోయాడు. మా వైపు చావింటి ముందు మైకు మోగాలి. మోగకపోతే కొడుకులు పట్టించుకోలేదంటారు. మైకుసెట్టాయన వేపచెట్టుకు హారను కట్టి వైరాగ్య పద్యాలు పెట్టాడు. కాసేపటికి ఆ కాసెట్టు మిషన్లో చిక్కుకుంది. లాగితే రీలంతా పేగులా బయటికొచ్చింది.

"ఏంది బాబాయ్, నాయన పరువు తీస్తన్నావు?" అన్నాడు పెద్దకొడుకు.

అరుగు మీది నుంచి అత్తయ్య లేచింది. "మా పిల్ల దగ్గరొకటుంది. మాట లేదు, పాట లేదు. పీనుగకి సరిపోద్ది."

నేను ఆమె వెనకే గదిలోకి పరిగెత్తాను. "అత్తయ్యా, అది..."

"అది ఏందే? పోయినాయనకంటే ఎక్కువా నీకు? పలుకు."

ఆమె టేప్‌రికార్డరులోంచి కాసెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

నా చెవికి మాత్రమే సరిపోయే ఆ స్వరం హారనులోంచి రంపం కోతలా బయటికొచ్చింది. కిర్రు వచ్చినచోట పాడె విరుగుతున్నట్టుంది. ఆడవాళ్లు దానికి గొంతు కలిపి ఏడ్చారు.

కాసెట్టు తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం బాగా తగ్గించి పెట్టుకున్నాను. ఎదురింటి నాయనమ్మ మా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మళ్లీ ఎవురు పోయారమ్మా?"

"ఎవురూ పోలేదులే పిన్నీ," అంది అత్తయ్య. "మా పిల్ల ప్రాక్టీసు చేస్తంది."

అప్పటి నుంచి వీధిలో ఆడపిల్లలు నన్ను చూస్తే "అక్కా, ఇయ్యాల ఎవురింట్లో?" అనేవారు. ఇంట్లో ఉంచితే అరిష్టమని అత్తయ్య కాసెట్టును మైకుసెట్టాయనకు ఇచ్చేసింది. ఖాళీ డబ్బా నా దగ్గర ఉండిపోయింది.

"మాటల్లేవు గదా బావా, ఏ ఇంటికైనా పనికొస్తంది," అని ఆయన నాన్నతో మురిసిపోయాడు. తరువాత అది రైలుగేటు వైపు మోగేది, బస్టాండు వైపు మోగేది. అక్కడెవరో గుండెలు బాదుకుంటుంటే, నేను దువ్వెన ఆపి వేణువు ఎప్పుడొస్తుందా అని వినేదాన్ని. ఊళ్లో కొన్నాళ్లు ఎవరూ పోకపోతే నాకు వెలితిగా ఉండేది.

కొన్నేళ్లకు అత్తయ్య కామెర్లతో పోయింది. మైకుసెట్టాయన అడక్కుండానే అదే పెట్టాడు. నేను ఆమె తల దగ్గర కూర్చున్నాను. నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి తలకు గుడ్డ బిగించి కట్టారు. కాసెట్టు ఒకవైపు అయిపోయింది. ఆయన హారను విప్పబోయాడు.

"రెండోవైపు కూడా పెట్టండి మామా," అన్నాను, అంతమందిలో, గట్టిగా.

"మేనత్తంటే ఎంత ప్రేమో చూడు పిల్లకి," అన్నారు పక్కింటావిడ.

ఇన్నేళ్ల వాడకానికి రీలు అరిగిపోయింది. వేణువు దాదాపు వినిపించలేదు. గుడ్డ కట్టిన అత్తయ్య నోటినే చూస్తూ చివరిదాకా విన్నాను. కిర్రు మాత్రం అలాగే ఉంది.